కట్టలు ఎవరింట్లో ఉంటాయి?

మా అమలాపురానికి అవతల, గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక ఊళ్ళో తెలుగు మాస్టారొకరున్నారు. రిటైరైన ఏడాది శతకం వేశారు, తర్వాత కథల సంపుటి వేశారు. మొన్న వాళ్ళింటికి వెళ్తే సావిట్లో ఉన్న ధాన్యం గాదె మూత తీసి చూపించారు. లోపల వడ్లు లేవు. బ్రౌను కాగితం చుట్టి పురికొస బిగించిన పుస్తకాల కట్టలు, అంచుదాకా.

"ధాన్యం కళ్ళంలోంచే మిల్లుకి పోతోంది కదండీ. గాదె ఖాళీయే. ఆయ్, వీటికి పనికొచ్చింది," అన్నారు.

కథల సంపుటి వెయ్యి కాపీలు వేయిస్తే ఆరొందలకి పైగా అందులోనే ఉన్నాయి. 2022 జులై వరదకి అడుగు వరస తడిసి, అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అయినా మాస్టారు మూడో పుస్తకం సిద్ధం చేశారు. ఈసారి ఎలా వెయ్యాలన్నది ఆయన సందేహం. సొంతంగా వేసుకోమని ఒకరు చెప్పారట. హైదరాబాదులో ఎవరికైనా ఇచ్చెయ్యమని ఇంకొకరు. అసలు అచ్చే వద్దు తాతయ్యా, ఫోన్లో పెట్టేద్దాం అని మనవరాలు. ఫేస్‌బుక్కులో ఒకసారి "పుస్తక ప్రచురణ" అని వెతికిన పాపానికి, ఆ రోజు నుంచీ ప్యాకేజీల ప్రకటనలు ఆయన్ని వదలడం లేదు.

స్వీయ ప్రచురణ, సహ ప్రచురణ, ప్రింట్ ఆన్ డిమాండ్, ఈ-బుక్: పేర్లు వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. పేర్లు పక్కన పెట్టి మాస్టారికి నేను చెప్పింది ఇది. అచ్చయ్యాక కట్టలు ఎవరింటికి వస్తాయి, వాటిలో ఇరుక్కున్న డబ్బు ఎవరిది అని అడగండి. ఆ తర్వాత హక్కు కౌలుకిస్తున్నారా, అమ్మేస్తున్నారా అని చూసుకోండి. ఏ దారి ఎటు పోతుందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఒక తెలుగు పుస్తకం తీసుకుని లోపలి అట్ట దాటాక వచ్చే పేజీ చూడండి. ఎవరూ చదవని పేజీ అది, కథంతా అక్కడే ఉంటుంది. "ప్రచురణ" అన్నచోట మీరెప్పుడూ వినని పేరు కనిపిస్తే, అది రచయిత గారి మనవరాలి పేరో, కీర్తిశేషులైన అమ్మగారి పేరో అయ్యుండే అవకాశం ఎక్కువ. "సర్వ హక్కులు రచయితవి" అని ఉంటే డబ్బూ రచయితదే అనుకోవచ్చు. "ప్రతులకు" అని విజయవాడ, హైదరాబాదు దుకాణాల పేర్లుంటే, అవి అమ్మిపెట్టే చోట్లు మాత్రమే, వేసినవాళ్ళు కారు. చివర్లో రచయిత ఫోన్ నంబరు కూడా ఉందా? కట్టలు ఆ నంబరున్న ఇంట్లో ఉన్నాయి.

సొంతంగా వేసుకోవడమంటే ఎవరూ వేయకపోతే దిగే మెట్టని చాలామంది చిన్నతనపడతారు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఆ చిన్నతనం అక్కర్లేదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు అది మద్రాసులో అచ్చయి వచ్చేది. తర్వాత రాజమహేంద్రవరంలోనే సొంత ముద్రాక్షరశాల పెట్టుకున్నారు. రాజశేఖర చరిత్రము ముందు ఆ పత్రికలో విడతలుగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. రాసిందీ, వేసిందీ, అచ్చుకూటం నడిపిందీ ఆయనే. ఇవాళ ఫోన్లో సీరియల్ రాసి, జనం చదివాక పుస్తకం చేసుకునే కుర్రాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

డబ్బు సమకూర్చుకునే పద్ధతీ పాతదే. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి బలం చందాదారులు. పాఠకుణ్ణి ముందు పోగు చేసుకుని, పుస్తకం తర్వాత పంపడం అన్నమాట. "ముందస్తు బుకింగ్, ఫోన్‌పే చేసి అడ్రసు పెట్టండి" అంటున్న నేటి కవి ఆ చందాపుస్తకమే ఇంకో రూపంలో తెరుస్తున్నాడు. ఒకప్పుడు పుస్తకాలకి సొమ్మిచ్చిన జమీందారు తెర మీంచి వెళ్ళిపోయాడు. ఆ చోటికి అమెరికాలో ఉన్న అబ్బాయి వచ్చాడు.

రాజమండ్రిలో పేరున్న ప్రచురణ సంస్థలు లేకపోలేదు. కోటగుమ్మం వైపు వెళ్తే పంచాంగాలు, వ్రతకథలు, నోములు, స్తోత్రాలు గుట్టలుగా కనిపిస్తాయి. అవి ఏటా అమ్ముడుపోయే సరుకు. కొత్త కథకుడి మీద సొమ్ము పెట్టడం వేరే వ్యాపారం, నష్టానికి సిద్ధపడ్డవాళ్ళే దిగుతారు. అదే ఊళ్ళో గోదావరి ఒడ్డునే కాగితం మిల్లుంది. ఆ ఊరి కాగితం మీద మన పుస్తకం అచ్చవ్వాలంటే చాలాసార్లు విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళి రావాలి. మాస్టారికి ఇది చెప్తే చాలాసేపు నవ్వుకున్నారు.

ముందు అందరూ ఆశపడే దారి. ప్రచురణకర్త తన డబ్బు పెడతాడు, కట్టలు అతని గోడౌన్లో ఉంటాయి, మీకు రాయల్టీ వస్తుంది, సాధారణంగా పుస్తకం ధరలో పది శాతం దగ్గర. ఆ సంస్థ సంపాదకుడు మీ రాతలో ఏ పేజీ తీసెయ్యాలో చెప్తాడు. అసలు విలువ నాకు అందులోనే కనిపిస్తుంది, పది శాతంలో కాదు. ఇబ్బందేమిటంటే తెలుగులో ఇలా సొంత డబ్బుతో కొత్త రచయితని వేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. జవాబు రావడానికే నెలలు పడుతుంది. సంతకం పెట్టేముందు కాగితం చదవాల్సిందీ ఈ దారిలోనే.

మన డెల్టాలో భూమి సంగతి చెప్పక్కర్లేదు. ఎకరానికి ఇన్ని బస్తాలని ఏడాది కౌలుకివ్వడానికి కూడా కాగితం రాస్తే ఎక్కడ హక్కు పోతుందోనని భయపడే రైతులున్నారు. అలాంటి ఇంట్లో పుట్టిన మాస్టారే, పాతికేళ్ళు రాసుకున్న రాతల మీద "అన్ని మాధ్యమాలలో శాశ్వతంగా" అని ఉన్న కాగితం చదవకుండా సంతకం చెయ్యబోయారు.

1957 నాటి కాపీరైట్ చట్టం ఇక్కడ రచయితకి బాగానే కాపు కాసింది. రాసిన క్షణమే హక్కు పుడుతుంది, ఎక్కడా రిజిస్టరు చేయించక్కర్లేదు. కావాలంటే చేయించుకోవచ్చు, తగాదా వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. హక్కు రాసివ్వడం నోటిమాటతో చెల్లదు, కాగితం ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్ళో రాయకపోతే అయిదేళ్ళనే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, ఆ హక్కు తిరిగి మీ దగ్గరికే వస్తుంది. ఇవన్నీ ఆ చట్టం 19వ సెక్షన్లో ఉన్నాయి. మెలిక ఎక్కడంటే, ఈ రక్షణలో ఎక్కువ భాగం కాగితం మౌనంగా ఉన్నచోటే పనిచేస్తుంది. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని మీరే రాసిచ్చాక చట్టం చేసేది తక్కువ.

అందుకే అచ్చు హక్కు ఒకటి, ఈ-బుక్ ఒకటి, ఆడియో ఒకటి, సినిమా ఒకటి అని చెక్కలుగా చూడాలి. మూడెకరాలుంటే మూడూ ఒక్కడికే కౌలుకివ్వాలని ఎక్కడుంది? పుస్తకం వేసేవాడికి ఆడియో స్టూడియో లేనప్పుడు ఆడియో హక్కు ఎందుకివ్వాలి?

హక్కు ఎంతకాలం బతుకుతుందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. రచయిత బతికున్నంత కాలం, పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు 2022 జనవరి 1 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. 1980లో పోయిన కృష్ణశాస్త్రి కవిత్వానికి 2040 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. మాస్టారి విషయంలో ఆ వారసురాలు ఫోన్లో పెట్టేద్దామంటున్న మనవరాలే కావచ్చు. ఆయన ఇవాళ చేసే సంతకం ఆ పిల్ల ముసలిదయ్యేదాకా నడుస్తుంది.

రెండో దారి సహ ప్రచురణ, మన దగ్గర అన్నిటికంటే ఎక్కువమంది నడిచేది. డబ్బు రచయితది, పేరు మాత్రం ఏదో ప్రచురణ సంస్థది. పైకి ప్రచురణకర్త వేసినట్టే ఉంటుంది. ఇందులో నిజాయితీగా చేసేవాళ్ళున్నారు: సంపాదకత్వం చేస్తారు, అట్ట బాగా వేయిస్తారు, తమ స్టాలులో పెడతారు, లెక్క చెప్తారు. పేరు తగిలించి కట్టలు లారీలో మనింటికి పంపేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ తేడా అడగ్గానే తెలిసిపోతుంది. "ఎన్ని కాపీలు మీ దగ్గర పెట్టుకుంటారండీ?" అనండి. జవాబు ఒక అంకెగా రాకుండా ఉపన్యాసంగా వస్తే మీకు విషయం అర్థమైనట్టే.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే, ప్రెస్సు కొటేషన్లు కావు. డెమ్మీ సైజులో, అంటే మామూలు కథల పుస్తకం సైజులో, 160 పేజీలు. 500 కాపీలు, అచ్చు కాపీకి 80 రూపాయల చొప్పున 40,000. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టడం), ప్రూఫులు, అట్ట బొమ్మకి 15,000. మొత్తం 55,000. వెల 200 పెట్టారు. దుకాణం 40 శాతం కమీషను తీసుకుంటే మీ చేతికొచ్చేది 120. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే 459 కాపీలు అమ్మాలి. మరి ఆవిష్కరణ సభలో వేదిక మీదున్నవాళ్ళకి, పత్రికల సమీక్షకి రెండేసి చొప్పున, చుట్టాలకి, "మీ పుస్తకం పంపలేదేం" అని నిష్ఠూరమాడేవాళ్ళకి కలిపి 60 పంచారనుకోండి. మిగిలింది 440. పుస్తకం మొత్తం అమ్ముడుపోయినా నష్టమే! మొదటి కాపీ అమ్మకముందే నష్టం ఖాయమైపోయింది, అదీ సభలో, చప్పట్ల మధ్య.

దుకాణం అప్పు మీద తీసుకుంటుందని మర్చిపోకండి. అమ్మితే డబ్బు, లేకపోతే సరుకు వాపసు. డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఎన్నిసార్లు ఫోను చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. నా మొదటి పుస్తకానికి ఒక దుకాణం నుంచి డబ్బులు రెండేళ్ళకి వచ్చాయి. ఇంకో దుకాణం మూతపడింది, కాపీలు ఏమయ్యాయో తెలీదు. వాళ్ళని అని లాభం లేదు, అద్దెలు కట్టి కవిత్వం అమ్మడం మాటలు కాదు.

నేరుగా పాఠకుడికి పంపితే లెక్క కొంచెం మారుతుంది. 200లో కవరు, తపాలా ఖర్చు 40 పోయినా 160 చేతికొస్తుంది, 344 కాపీలకి గట్టున పడతారు. 344 మంది అడ్రసులు రాయడం, కవర్లు అంటించడం, పోస్టాఫీసు వరసలో నిలబడటం మీ పని. పుస్తకం వేయడం కంటే ఇదే బరువు. తపాలావాళ్ళు పుస్తకాల రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేస్తే చిన్న ప్రచురణకర్తలు గోలపెట్టారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది వచ్చింది, 300 గ్రాముల లోపు 20 రూపాయలు, పన్ను అదనం. మన 160 పేజీల పుస్తకం కవరుతో కలిపినా ఆ బరువులోపే తూగుతుంది. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. వెల నిర్ణయించేముందు ఒక పుస్తకాన్ని కిరాణాకొట్టు త్రాసులో తూచుకోవడం మంచి అలవాటు.

ప్యాకేజీలవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. "సిల్వర్, గోల్డ్, ప్లాటినం" అని మొదలైతే అది పెళ్ళి క్యాటరింగు భాష. వందమంది కవుల సంకలనం, తలా ఇంత డబ్బు, తలా రెండు కాపీలు, ఒక షీల్డు, శాలువా, సర్టిఫికెట్: ఇక్కడ పాఠకుడనేవాడే అవసరం లేదు, కవులే కొనుగోలుదార్లు. ఇష్టమై తీసుకుంటే తప్పు లేదు, మన తృప్తి మనది. దాన్ని ప్రచురణ అనుకుంటేనే చిక్కు.

కట్టలు ఎవరింట్లోనూ ఉండని దారి ప్రింట్ ఆన్ డిమాండ్. ఆర్డరు వచ్చాకే డిజిటల్ యంత్రం మీద ఒక కాపీ అచ్చు వేస్తారు. బెంగళూరు పోతి, చెన్నై నోషన్ ప్రెస్ లాంటివి పదేళ్ళకి పైగా చేస్తున్న పని ఇదే. ఒకేసారి వందల కాపీలు వేసే ఆఫ్‌సెట్ అచ్చుకి ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది కాబట్టి కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది. డిజిటల్‌కి ప్లేటు లేదు, ఒకటి వేసినా యాభై వేసినా కాపీ ఖర్చు దాదాపు ఒకటే, కాకపోతే ఆ ఖర్చు ఆఫ్‌సెట్ కంటే ఎక్కువ. పై లెక్కలో 80 పడిన పుస్తకం ఇక్కడ 150 అనుకుంటే, దానిమీద సైటు వాటా కలిపి వెల 300 దాటుతుంది. కొత్త రచయిత పుస్తకానికి అంత పెట్టమంటే పాఠకుడు వెనకాడతాడు. డబ్బు మిగలదు. పోయేదీ పెద్దగా ఉండదు. వయసు మళ్ళినవాళ్ళకీ, పాఠకులు దేశమంతా చెదిరి ఉన్నవాళ్ళకీ, పాత పుస్తకాలు మళ్ళీ దొరికేలా చేయాలనుకునేవాళ్ళకీ ఇదే మంచిదని నా అభిప్రాయం. మధ్యేమార్గంగా డిజిటల్లోనే వంద కాపీలు వేయించి, అయిపోతే మరో వంద వేసుకోవచ్చు. రెండో వందలో మొదటి వంద అచ్చుతప్పులు దిద్దుకునే సుఖం కూడా ఉంది.

ఇక ఎవరూ ముందుగా చెప్పని చిక్కు అక్షరాలది. మన డీటీపీ సెంటర్లు చాలా ఏళ్ళుగా పేజ్‌మేకరు అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు, అను ఫాంట్ల మీద నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001లో వచ్చింది. అయినా మా వైపు ఇంకా దాని మీదే పుస్తకాలు తయారవుతున్నాయి. పనిచేసే కుర్రాడి చెయ్యి దానికి అలవాటైపోయింది, వేగం కూడా అందులోనే. అను ఫాంటులో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల దాచింది తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తుల మీద తొడిగిన తెలుగు బొమ్మలు. ఆ ఫైలులోంచి ఒక వాక్యం తీసి ఫోన్లో అతికిస్తే పిచ్చిగీతల్లా వస్తుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఫోన్లో మనం టైపు చేసేదంతా అదే. ఈ-బుక్‌కి అదే కావాలి, వెతికితే దొరకాలన్నా అదే కావాలి.

మాస్టారి కథల సంపుటికి జరిగింది చూడండి. ఆయన మనవరాలి చేత ఫోన్లో కొట్టించి యూనికోడ్‌లో ఇచ్చారు. సెంటరులో దాన్ని అనులోకి మార్చారు. మార్పిడిలో కొన్ని వత్తులు ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరం కిందకి చేరాయి. మూడు ప్రూఫులు దిద్ది సరిచేశారు, దిద్దినప్పుడే రెండు పేరాలు తిరగరాశారు, ఒక కథ ముగింపు మార్చారు. ఇప్పుడు ఆ తుది పాఠం ఎక్కడుంది? ఆ సెంటరు కంప్యూటర్లో, అను ఫైలులో మాత్రమే. మాస్టారి దగ్గరున్నది తప్పులతో ఉన్న తొలిప్రతి. ఈ-బుక్ చెయ్యాలంటే అచ్చయిన పుస్తకం ముందు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ దిద్దాలి.

అందుకే డీటీపీకి ఇచ్చేటప్పుడే మాట్లాడుకోవాలి. వీలైతే యూనికోడ్‌లోనే పేజీలు పెట్టమనండి, ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేరులో చక్కగా వస్తుంది. ఆ కుర్రాడికి అలవాటు లేదంటే, డబ్బు ఇచ్చేరోజున పీడీఎఫ్‌తో పాటు అసలు పేజీల ఫైలూ, యూనికోడ్‌లోకి మార్చిన పాఠమూ, అట్ట బొమ్మ ఫైలూ పెన్‌డ్రైవులో అడిగి తీసుకోండి. పుస్తకం భూమైతే అది పట్టాదారు పాసుపుస్తకం.

మనవరాలి దారికి వద్దాం. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి అనే ఫోన్ యాప్‌లో తెలుగు సీరియళ్ళు విరివిగా వస్తున్నాయి, చదివేవాళ్ళూ బోలెడుమంది. అక్కడి పాఠకుడు పుస్తకాల షాపుకి వచ్చే పాఠకుడు కాడు. బస్సులో, పొయ్యి దగ్గర, పిల్లలు పడుకున్నాక రోజుకో భాగం చదువుకుంటాడు, చదువుకుంటుంది. మాస్టారి కథలు అక్కడ నడుస్తాయా? నాకు అనుమానమే. ఆయన కథలో మొదటి రెండు పేజీలు కాలవగట్టు వర్ణనకే సరిపోతాయి. విడివిడిగా అమ్మే ఈ-బుక్ సంగతి తెలుగులో ఇంకా ఇరుకే. 2016 డిసెంబరులో అమెజాన్ ఈ-బుక్ దుకాణం కిండిల్ భారతీయ భాషలకి తలుపు తీసినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వెళ్ళాయి, మనం గుమ్మం బయటే ఉన్నాం. 2010లో మొదలైన కినిగె లాంటి తెలుగు దుకాణాలే ఈ-పుస్తకానికి తొలి చోటిచ్చాయి. ఎక్కడ పెట్టినా నియమాల పేజీలో "ఇతరచోట్ల ప్రచురించరాదు" అన్నది ఉందేమో చూసుకోవాలి. అది మళ్ళీ కౌలు ప్రశ్నే.

ఐఎస్‌బీఎన్ గురించి మాస్టారికి పెద్ద భ్రమ ఉండేది. అది ఉంటే గవర్నమెంటు గుర్తింపు అనీ, ఎవరూ కాపీ కొట్టలేరనీ. రెండూ కావు. అది పుస్తకానికి పదమూడంకెల గుర్తింపు సంఖ్య, అంతే. ఢిల్లీలోని రాజా రామ్మోహన్‌రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తుంది, రచయిత తన పేరు మీదే తెచ్చుకోవచ్చు. దీనికి రెండువేలు, మూడువేలు తీసుకునేవాళ్ళున్నారు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ సంఖ్య వాళ్ళ పేరు మీద వస్తే రికార్డులో ప్రచురణకర్త వాళ్ళే అవుతారు. అచ్చు ప్రతికీ ఈ-బుక్కుకీ వేరువేరు సంఖ్యలు కావాలి.

అచ్చు పుస్తకం మీద జీఎస్‌టీ లేదు, ప్రెస్సువాళ్ళ బిల్లులో మాత్రం ఉంటుంది. ధార్మిక గ్రంథమైతే తిరుమల తిరుపతి దేవస్థానం ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, మాస్టారి శతకానికి ఆ దారి ఉండేది, ఎవరూ చెప్పలేదు. గ్రంథాలయాల కొనుగోలు మీద ఆశ పెట్టుకుని కాపీలు పెంచొద్దు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను మనమంతా కడుతున్నా, ఆ డబ్బు పుస్తకాల దాకా ఎప్పుడు వస్తుందో నమ్మి వెయ్యి కాపీలు వెయ్యలేం.

ఇంకొకటి, 1954 చట్టం. ఏ పుస్తకం వేసినా ముప్పై రోజుల్లోపు సొంత ఖర్చుతో ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, ఒక్కోటి చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకీ పంపాలి. పంపకపోతే జరిమానా యాభై రూపాయల దాకా, పైన పుస్తకం వెల. యాభై రూపాయలకి ఎవరు భయపడతారు, అందుకే చాలామంది పంపరు. ప్రచురణకర్త మీరే అయితే ఆ బాధ్యతా మీదే. ఇది విని మాస్టారు గాదెలోంచి ఎండిన కాపీలు నాలుగేసి ఏరి పక్కన పెట్టారు. శతకానికి గడువు దాటి తొమ్మిదేళ్ళయింది.

మూడో పుస్తకానికని సిద్ధం చేసిన రాతలకి చివరికి రెండు దారులు పట్టారు. కథలు డిజిటల్లో వంద కాపీలు, యూనికోడ్‌లో, సొంత ఐఎస్‌బీఎన్‌తో. పాత శిష్యుల వాట్సాప్ గుంపులో ముందస్తు బుకింగు పెడితే వారంలో 41 పేర్లు వచ్చాయి. ఆవిష్కరణ సభ లేదు, అందుకు ఇంట్లో చిన్న అలకలున్నాయి. కాలవల మీద రాసుకున్న వ్యాసాలు మాత్రం డబ్బు పెట్టి వేస్తామన్న ఒక ప్రచురణకర్తకి ఇద్దామనుకున్నారు. వాళ్ళు పంపిన ఒప్పందం సావిట్లో కూర్చుని ఇద్దరం వాక్యం వాక్యం చదివాం. "అన్ని మాధ్యమాలలో శాశ్వతంగా" అన్న చోట మాస్టారు ఎర్రసిరా పెన్నుతో, పరీక్ష పేపరు దిద్దినట్టు అడ్డంగా గీత కొట్టి, పైన "అచ్చు పుస్తకంగా, తెలుగులో, అయిదేళ్ళు" అని రాశారు. స్కాను చేసి పంపి పదకొండు రోజులైంది. అవతలి నుంచి ఇంకా కబురు రాలేదు.